ఒంటెద్దు బండి లోవమ్మ

ఎవరినీ అడక్కుండా, పక్కవాళ్ళ మాట చెవిన పెట్టకుండా, తన దారిన తాను పనులు చేసుకుపోయే మనిషిని మా వైపు ‘ఒంటెద్దు పోకడ మనిషి’ అంటారు. పేపర్లలో రాస్తారు, టీవీల్లో అంటారు, పంచాయతీ మీటింగుల్లో ఒకరినొకరు తిట్టుకోవడానికి వాడతారు. ఆ మాట అనేవాళ్ళలో ఒంటెద్దు బండిని దగ్గరగా చూసినవాళ్ళు ఎంతమందో నాకు తెలియదు. ఒంటి అంటే ఒకటి, జోడు లేనిది. జోడెడ్ల బండిలో ఒక ఎద్దు పక్కకి లాగితే రెండోది సర్దుతుంది. ఒంటెద్దుని సర్దే తోడు ఉండదు. అది ఎటు తిరిగితే బండి అటే. మాట అక్కడే పుట్టిందని మా ఊళ్ళో పెద్దవాళ్ళు చెబుతారు. అందుకే అందులో మెచ్చుకోలు తక్కువ, విసుగు ఎక్కువ.

మా వీధిలో ఆ మాట లోవమ్మకి దాదాపు ఇంటిపేరు అయిపోయింది.

సామర్లకోట దాటాక కాలువ గట్టు మీదుగా వచ్చే ఊరు మాది. లోవమ్మకి యాభై దాటాయి. ఆవిడ తండ్రి బండి తోలి బతికాడు. కొడుకులు లేరు కాబట్టి పగ్గాలు కూతురి చేతికొచ్చాయి. వేసవిలో పెంట తోలకం, కోతలప్పుడు ధాన్యం బస్తాలు, మిగతా రోజుల్లో ఇటుకలు, ఎండుగడ్డి. ట్రాక్టరు దూరని చోటికల్లా లోవమ్మ బండి వెళ్ళేది. భర్త అబ్బులు సామర్లకోట, కాకినాడ మధ్య ఆటో నడుపుతాడు. మెత్తని మనిషి, భయస్తుడు. ఏ పనికైనా ముందు నలుగురిని అడిగి, ఆ నలుగురూ నాలుగు రకాలుగా చెబితే, ఇంటికొచ్చి పడుకునే రకం.

లోవమ్మ అలా కాదు. వీధి కాలవ పూడిపోయి నీళ్ళు ఇళ్ళలోకి వస్తున్నాయని మగవాళ్ళంతా రచ్చబండ దగ్గర మాట్లాడుకుంటూ ఉంటే, ఈవిడ పార తీసుకుని దిగి సాయంత్రానికి కాలవ పారించేసింది. పక్కింటి దీనమ్మకి జ్వరమొచ్చి ఒళ్ళు తెలియకుండా పడి ఉంటే, ఆటో వచ్చేదాకా ఆగుదామన్నవాళ్ళని పక్కకి నెట్టి, బండిలో గడ్డి పరిచి, దుప్పటి వేసి, ఆసుపత్రికి తీసుకుపోయింది. అప్పటినుంచి దీనమ్మ తన ఇంటి కుడితినీళ్ళు ఒక్కపూట కూడా పారబోయలేదు. బియ్యం కడిగిన నీళ్ళు, గంజి, కూరగాయల తొక్కలు అన్నీ ఒక బకెట్లో పోసి లోవమ్మ ఎడ్లకే తెచ్చిపెడుతుంది. తెచ్చిపెట్టి, “నీకు కాదు వదినా, వాళ్ళకి” అంటుంది.

వాళ్ళు అంటే భీమన్న, సోమన్న. భీమేశ్వరస్వామి పేరు ఒకదానికి, సోమేశ్వరస్వామి పేరు ఒకదానికి. భీమన్న దాపటెద్దు, అంటే కాడికి ఎడమవైపు కట్టేది. సోమన్న ఎలపటెద్దు, కుడివైపుది. చిన్నప్పుడు ఏ పక్క అలవాటు చేస్తే ఎద్దు జీవితమంతా ఆ పక్కే. రెండో పక్క కడితే కదలదు.

మొన్న దసరాలు వెళ్ళి దీపావళి వస్తుందనగా గడ్డిమేటు దగ్గర సోమన్నని పాము కరిచింది. పశువుల డాక్టరు వచ్చేసరికే నోట నురగ వచ్చేసింది. వీధంతా వచ్చి నిలబడింది. అబ్బులు పిల్లాడిలా ఏడ్చాడు. లోవమ్మ ఏడవలేదు. సోమన్న మెడలోని మువ్వల పట్టెడ విప్పి, పాకలో మేకుకి తగిలించి, గొయ్యి తవ్వే మనుషులకి టీ పెట్టడానికి వెళ్ళింది.

వారం తిరక్కుండానే ఇంటి ముందు అచ్చిబాబు మోటారుసైకిల్ ఆగింది. సంతల్లో పశువులు కొని వ్యాన్ ఎక్కించే బేరగాడు అతను. అబ్బులే కబురు పెట్టాడు.

“ఎవరినడిగి పిలిచారండి ఈయన్ని?” అంది లోవమ్మ.

“నువ్వెవరినడిగి ఏం చేశావే ఇన్నాళ్ళూ?” అన్నాడు అబ్బులు. అని, గొంతు తగ్గించాడు. “అది చూడు, మేత ముట్టట్లేదు. దాపటెద్దు ఒక్కదాన్నీ ఎవడు కొంటాడు చెప్పు? ఎలపటెద్దు మిగిలినవాడు దొరకాలి. ఈ రోజుల్లో జోడు ఉన్నవాడే లేడు. దిగులు పెట్టుకుని ఇదీ నా కళ్ళ ముందే పడిపోతే నేను చూడలేనే.”

వ్యాన్ ఎక్కిన ఎద్దు ఎక్కడికి వెళ్తుందో అచ్చిబాబు చెప్పడు, ఎవరూ అడగరు. లోవమ్మ మాత్రం అడిగింది. అచ్చిబాబు తల గోక్కుని, “అక్కా, ఒంటెద్దుతో మీరేం చేస్తారండి, పూజ చేస్తారా?” అన్నాడు.

“చేస్తాం. భీమేశ్వరుడి గుళ్ళో స్వామి ఎదురుగా ఉన్నాడే నంది, ఆయనకి జోడెక్కడుంది? ఆయన్ని కూడా వ్యాన్ ఎక్కిస్తావా?”

అచ్చిబాబు నాలిక కరుచుకుని చెంపలు వేసుకున్నాడు.

“కార్తీకమాసం పెట్టుకుని నంది లాంటివాణ్ణి బేరం పెట్టను. నెల పోనీ. కార్తీకం వెళ్ళిన మర్నాడు, పోలి పాడ్యమికి రా. ఆలోగా వీడు ఒక్కడూ బండి లాగితే ఇంట్లో ఉంటాడు. లాగకపోతే తీసుకుపో” అంది లోవమ్మ.

“నువ్వు కూర్చుని తోలగలిగేలా లాగాలి. నాకు చూపించాలి” అన్నాడు అబ్బులు. ఆయన అంత గట్టిగా మాట్లాడటం మా వీధి వినడం అదే మొదలు.

అలా ఒక నెల గడువు దొరికింది. ఆ నెలలో లోవమ్మ గెలవాల్సింది ఒక్క భీమన్న ప్రాణమే. కానీ ఆ ప్రాణానికి అడ్డం ఊరందరి నమ్మకం ఉంది, జోడు పోయిన ఎద్దు పనికిరాదని.

వడ్రంగి మురళీకృష్ణ పాత జోడెడ్ల బండి విప్పి, ఇరుసు కురచ చేసి, రెండు నొగలు అమర్చి, వాటి మధ్య ఒక్క ఎద్దు పట్టేలా చిన్న కాడి చెక్కాడు. “మంచిరోజు చూసి కట్టండమ్మా” అని తనే సోమవారం ఉదయం వచ్చి, కాడికి పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టాడు. లోవమ్మ బండెక్కి “హై” అంది.

భీమన్న కదిలాడు. కదిలి, తిన్నగా కుడివైపుకి తిరిగి, దీనమ్మ దడి విరగదొక్కి, బచ్చలిపాదులోకి పోయి ఆగాడు.

దీనమ్మ బయటికొచ్చి చూసింది. “బచ్చలికూర కోసం ఇంత బండెందుకు వదినా? అడిగితే నేనే కోసి ఇద్దును గదా!”

వీధంతా నవ్వింది. ట్రాక్టరు ఉన్న గణేష్‌బాబు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. అతనికి నలుగురిలో మాట వెయ్యడం సరదా. “పిన్నీ, దీనికి ఇండికేటరు కుడివైపుదొక్కటే బిగించారేంటండి?” అన్నాడు. మళ్ళీ నవ్వులు.

రెండోసారి కూడా కుడికే. మూడోసారి కూడా కుడికే. నొగలు వంకరేమోనని మురళీకృష్ణ ఎడమ నొగ విప్పి మళ్ళీ చెక్కాడు. ఎడమ పగ్గం గట్టిగా లాగమన్నాడు ఒకాయన. చెర్నాకోల చూపించమన్నాడు ఇంకొకాయన. పగ్గం లాగితే భీమన్న మెడ ఎడమకి తిరిగింది కానీ ఒళ్ళు కుడికే పోయింది. ఇంకా లాగితే నడివీధిలో కూలబడ్డాడు. అబ్బులు ఆటో ఆపి అదంతా చూసి, విరిగిన దడి కర్రలు లేపి నిలబెట్టి వెళ్ళిపోయాడు. లోవమ్మకి అదే బాధగా తోచింది.

మర్నాడు పొద్దున్నే కాలువలో తలస్నానం చేసి, తులసికోట దగ్గర దీపం పెట్టి, పాకలోకి వెళ్ళింది. ముందురోజు సాయంత్రం గాడి నిండా గడ్డి వేసింది. భీమన్న ఎడమ సగం శుభ్రంగా తిన్నాడు. కుడి సగం పోచ కదల్లేదు. అది సోమన్న వాటా. పాక అంతా ఖాళీగా ఉన్నా, తను ఎడమ గుంజ దగ్గరే ఒదిగి నిలబడి, కుడిపక్క ఇంకో ఎద్దు పట్టేంత చోటు వదిలి పెట్టాడు.

లోవమ్మ ఆ చోటులోకి వెళ్ళి నిలబడింది. భీమన్న మెల్లగా ఒరిగి భుజాన్ని ఆవిడ భుజానికి ఆనించాడు. వేడి ఊపిరి వదిలాడు.

“అయ్యో నాయనా” అంది లోవమ్మ, “నువ్వు లాగట్లేదురా. వెతుక్కుంటున్నావు.”

సోమన్న పోయాక ఆవిడ ఏడ్చింది అప్పుడే.

ఆరోజు బండి కట్టి, ఎక్కకుండా, తనే కుడిపక్కన నొగ పట్టుకుని భుజం ఆనించి నడిచింది. భీమన్న తాడు పట్టి లాగినట్టు తిన్నగా నడిచాడు. దీనమ్మ దడి దాటాడు, కిరాణా కొట్టు దాటాడు, స్కూలు మలుపు దాటాడు.

“జోడు కుదిరిందర్రోయ్!” అని అరిచాడు గణేష్‌బాబు. “దాపట భీమన్న, ఎలపట మా లోవమ్మ పిన్ని!”

“అవున్రా అబ్బాయ్, నీ ట్రాక్టరు దిగబడిన రోజు కబురు చెయ్యి. ఇద్దరం వస్తాం” అంది లోవమ్మ ఆగకుండానే.

ఆ సాయంత్రం అబ్బులు ఆవిడ వాచిన మోకాలికి కొబ్బరినూనె రాస్తూ అన్నాడు. “నడిచాడు, కాదనను. కానీ నువ్వు రోజంతా ఎద్దులా పక్కన నడిస్తే బండి ఎందుకే? బరువేసిన బండి పక్కన ఈ మోకాలితో ఎన్నాళ్ళు నడుస్తావు?”

ఆయన మాటలో న్యాయముంది. అది లోవమ్మకీ తెలుసు.

దానికి జవాబు కార్తీకంలో ఆఖరి సోమవారం దొరికింది. ఆవేళ బండి కట్టుకుని కాలువ రేవుకి వెళ్తూ, సోమన్న మువ్వల పట్టెడని కూడా తీసుకెళ్ళింది. శివుడి రోజున దాన్ని మట్టి కొట్టుకుని ఉండనివ్వడం మనసొప్పలేదు. చింతపండు పెట్టి తోమింది. ఇత్తడి మువ్వలు బంగారంలా మెరిశాయి. వచ్చేటప్పుడు చంకలో నీళ్ళ బిందె, భుజాన తడిబట్టలు, రెండో చెయ్యి నొగ మీద. పట్టెడ పట్టుకోవడానికి చెయ్యి లేక, బండి కుడి నొగకి తగిలించింది.

భీమన్న అడుగు వేశాడు. కుడిపక్కన మువ్వలు ఘల్లుమన్నాయి. వాడి కుడిచెవి నిక్కింది. ఇంకో అడుగు. ఇంకోసారి మువ్వలు. ఎప్పటి నడకో వాడి కాళ్ళలోకి తిరిగొచ్చింది. సోమన్నతో కలిసి నడిచిన ఆ తూగు. లోవమ్మ గమనించి నొగ వదిలింది. ఒకడుగు వెనక్కి తగ్గింది. తిన్నగానే పోతున్నాడు. మరికాస్త వెనక్కి తగ్గి, రోడ్డు మధ్యలో నిలబడిపోయింది. మనిషి లేని బండి ఘల్లుఘల్లుమంటూ, కుడికీ ఎడమకీ తొణకకుండా, గుడి మలుపుదాకా పోయింది.

లోవమ్మ బిందె కింద పెట్టి రెండు చేతులూ జోడించింది. ఆదివారాలు చర్చికెళ్ళే దీనమ్మ ఎదురొచ్చింది. తను కూడా కళ్ళు మూసుకుని, తన దేవుడికి తన పద్ధతిలో దణ్ణం పెట్టుకుంది.

అబ్బులుకి చూపిద్దామనుకునే లోపు వాన పట్టుకుంది. కార్తీకం చివర అల్పపీడనం. మిషన్ కోతలు అప్పుడే అయ్యాయి. కాలువ అవతలి చేలల్లో కోసిన ధాన్యం బస్తాలకెత్తి, చేను మధ్య దిబ్బ మీద పరదాలు కప్పి పెట్టారు. మూడు రోజులు కురిసి తెరిపిచ్చిన రోజు పోలి పాడ్యమి. తెల్లవారకముందే ఆడవాళ్ళంతా అరటిదొప్పల్లో దీపాలు పెట్టి కాలువలో వదిలి ఇళ్ళకొచ్చారు. లోవమ్మ వదిలిన దీపం వంతెన దాటేదాకా ఆరలేదని దీనమ్మ చెప్పింది. గట్టు మీద నిలబడి చూసిందట.

పొద్దెక్కేసరికి సముద్రం మీద, ఉప్పాడ వైపు ఆకాశం మళ్ళీ నల్లబడుతోంది. ధాన్యం తెచ్చుకోవాలని గణేష్‌బాబు పుంతలో ట్రాక్టరు దించాడు. పుంత అంటే చేల మధ్య బండిదారి. సగం దారిలోనే ట్రాక్టరు ఇరుసుదాకా కూరుకుపోయింది. ఇక మిగిలింది వంతెన దాటి పోయే అవతలి కాలువ గట్టు. అది ట్రాక్టరు పట్టే దారి కాదు. జోడెడ్ల బండి కూడా పట్టదు. ఇంకో వాన పడితే బస్తాల్లోనే మొలకలు వస్తాయి. గణేష్‌బాబువే కాదు, ఆ దిబ్బ మీద అరడజను కుటుంబాల పంట ఉంది.

సరిగ్గా అప్పుడే అచ్చిబాబు వ్యాన్ ఊళ్ళోకి వచ్చింది. మాట ప్రకారం వచ్చాడు. లోవమ్మ ఇంటి ముందు ఎవరూ లేరు. పాక ఖాళీ. ఊరంతా గట్టు మీద ఉందని ఎవరో చెప్పారు.

గణేష్‌బాబు తలదాకా బురదతో పరిగెత్తుకుంటూ వచ్చేసరికి, లోవమ్మ భీమన్నకి కాడి తగిలిస్తోంది.

“పిన్నీ...” అని ఆగిపోయాడు.

“నువ్వేం అడగక్కర్లేదురా. బస్తాలు ఎత్తడానికి మనుషుల్ని పంపు” అంది. కుడి నొగకి మువ్వల పట్టెడ బిగించి కట్టింది. బండెక్కి కూర్చుంది.

అబ్బులు ఎదురొచ్చి బండికి అడ్డం నిలబడ్డాడు. “దిగవే! వెళ్ళేటప్పుడు కాలువ కుడిపక్కనే. వాడు కుడికి లాగాడంటే బండీ ఎద్దూ నువ్వూ నీళ్ళలోనే! ఈ ఒంటెద్దు పోకడ ఇవ్వాళొక్కరోజు మానవే, నీకు దణ్ణం పెడతాను.”

“నన్ను కూర్చుని తోలమన్నది మీరేనండి. కూర్చున్నాను. చూడండి” అంది లోవమ్మ.

కాలువ నిండుగా, ఎర్రగా పారుతోంది. గట్టు మీద జనం చీలి దారిచ్చారు. బండి గట్టెక్కింది. కుడి చక్రానికీ నీళ్ళకీ మధ్య జానెడు గడ్డి. జనం గట్టు మొదట్లోనే ఆగిపోయారు. మువ్వలు మాత్రం వినిపించాయి. ఘల్లు, ఘల్లు, ఘల్లు. భీమన్న తల వంచి, కుడిచెవి మువ్వల వైపు పెట్టి, తిన్నగా నడిచాడు. ఒకచోట గట్టు కోసుకుపోయి పల్లమైంది. అక్కడ వాడు ఆగాడు. అబ్బులు కళ్ళు మూసుకున్నాడు. లోవమ్మ పగ్గం లాగలేదు, అదిలించలేదు. ముందుకి వంగి, పట్టెడని చేత్తో ఒకసారి కదిపింది. మువ్వలు మోగాయి. భీమన్న అడుగు వేశాడు. బండి పల్లం దిగి ఎక్కింది.

బండి దిబ్బకి ఎదురుగా గట్టు మీద ఆగేసరికి, వెనక జనం పెట్టిన కేకలకి కొంగలు లేచిపోయాయి.

అంతే, ఇక ఊరు ఆగలేదు. మగవాళ్ళు చేలకి అడ్డం పడి ముందుగా వెళ్ళి దిబ్బ మీది బస్తాలు గట్టుదాకా మోశారు. మురళీకృష్ణ కొబ్బరిమట్టలు నరికి గట్టు పల్లంలో పరిచాడు. బండి వస్తోంది, పోతోంది. రోడ్డు దగ్గర దింపిన బస్తాలు మోసేందుకు బండేదీ లేదని చూసి, అచ్చిబాబు తనంతట తనే వ్యాన్ వెనక తలుపు తీశాడు. ఎద్దుని ఎక్కించుకుపోవడానికి పరిచిన గడ్డి మీద ధాన్యం బస్తాలు ఎక్కాయి. అతనే చొక్కా విప్పి మోశాడు. దీనమ్మ కుడితి బకెట్ గట్టు మీదికే తెచ్చి భీమన్న ముందు పెట్టి, మనుషులందరికీ ఉప్మా పొట్లాలు పంచింది. “ముందు వాడికి, తర్వాత మీకు” అని అందరికీ చెప్పింది.

ఆఖరి బండి రోడ్డెక్కాక మొదటి చినుకు పడింది. పరదా కప్పేసరికి జడివాన. ఒక్క బస్తా తడవలేదు.

గణేష్‌బాబు తడుస్తూనే వచ్చి భీమన్న మెడ కావలించుకున్నాడు. దాని మెడ మీది బురద తన చేతులతోనే తుడిచాడు. చివరికి లోవమ్మే, “నీ ట్రాక్టరు సంగతేంట్రా, దాన్నీ లాక్కురమ్మంటావా?” అంటే, అప్పుడు నవ్వాడు, కళ్ళు తుడుచుకుంటూ.

అచ్చిబాబు వ్యాన్ తాళాలు ఆడిస్తూ అబ్బులు దగ్గరికొచ్చాడు. “మీ ఆవిడది మామూలు ఒంటెద్దు పోకడ కాదండి బాబూ!”

మా వీధిలో ఆ మాట ఎన్నోసార్లు విన్నాను. ఆ రోజు అబ్బులు దానికి ఛాతీ విరుచుకుని జవాబు చెప్పాడు. “ఆయ్, అవునండి. మాది ఒంటెద్దు ఇల్లేనండి. బేరం లేదు. భోజనం చేసి వెళ్ళండి.”

పొద్దువాలే వేళకి వాన తగ్గింది. అబ్బులు భీమన్న ఒళ్ళంతా ఎండుగడ్డితో తుడిచి, కాళ్ళకి ఆముదం రాసి, గాడి నిండా మేత వేసి వచ్చాడు. లోవమ్మ తులసికోట దగ్గర దీపం పెడుతోంది. కాసేపటికి మళ్ళీ పాకలోకి వెళ్ళినవాడు అక్కణ్ణుంచే గట్టిగా కేకేశాడు.

“ఏమే, ఇలా రా! కుడిపక్క గడ్డి కూడా తినేశాడే!”

లోవమ్మ వత్తి ఎగదోసి, తల తిప్పకుండానే అంది.

“తినడా మరి? ఇద్దరి పని చేశాడు. ఇంకో కట్ట వెయ్యండి.”